కుళాయి నీళ్ల పోలిక: నది నుంచి ఇంటి దాకా వచ్చిన కథ

ఏ నగరం కుళాయి నీళ్లు మంచివో చెప్పే జాబితా వచ్చిందంటే అందరి కళ్లూ ర్యాంకు మీదే పడతాయి. ఆ నీళ్లు ఎక్కడ పట్టారు, ఎలా పట్టారు, వాటిలో ఏం వెతికారు అన్నది చాలామంది పట్టించుకోరు. నిజానికి అసలు విషయమంతా అక్కడే ఉంది. ఈ పోలిక మొదలై 170 ఏళ్లు దాటింది. అప్పటి నుంచీ నీళ్లు పరీక్షించే చోటు నదిని వదిలి మెల్లమెల్లగా ఇంటివైపు జరుగుతూ వచ్చింది.

1850లలో దక్షిణ లండన్‌లోని చాలా వీధుల్లో రెండు కంపెనీల పైపులు పక్కపక్కనే ఉండేవి. ఒక ఇంటికి సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ నీళ్లిస్తే, పక్కింటికి లాంబెత్ కంపెనీ ఇచ్చేది. రెండూ థేమ్స్ నది నీళ్లే. కాకపోతే లాంబెత్ 1852లో తోడే చోటును నగరం మురుగు చేరని ఎగువకు, థేమ్స్ డిటన్‌కు మార్చుకుంది. రెండో కంపెనీ మాత్రం మురుగు కలిసే బాటర్సీ దగ్గరే తోడుతూ ఉండిపోయింది.

1854లో కలరా విరుచుకుపడింది. డాక్టర్ జాన్ స్నో, కలరాతో చావు జరిగిన ఇళ్లకు వెళ్లి, మీకు నీళ్లిచ్చేది ఎవరని అడగడం మొదలుపెట్టారు. చాలామందికి తెలియదు, ఎందుకంటే నీటి బిల్లు ఇంటి యజమాని కట్టేవాడు. అప్పుడాయన ఆ ఇంటి నీళ్లు కొద్దిగా తీసుకుని సిల్వర్ నైట్రేట్ కలిపి చూశారు. ఉప్పు ఎక్కువగా ఉంటే నీళ్లలో తెల్లటి విరుగు తేలేది. లాంబెత్ నీళ్లలో గ్యాలన్‌కు 0.95 గ్రెయిన్ల ఉప్పు ఉంటే, రెండో కంపెనీ నీళ్లలో 37.9 గ్రెయిన్లు ఉంది. దాంతో ఏ ఇంటికి ఎవరి నీళ్లో చూడగానే తెలిసిపోయేది. మొదటి ఏడు వారాల లెక్క తేలేసరికి ప్రతి 10,000 ఇళ్లకు లాంబెత్ వైపు 37 మంది, సదర్క్ అండ్ వాక్స్‌హాల్ వైపు 315 మంది చనిపోయారు. వీధి ఒకటే, గాలి ఒకటే, పేదలూ ధనికులూ రెండు వైపులా ఉన్నారు. తేడా నీళ్లలోనే ఉంది. నా దృష్టిలో ఇంత నిక్కచ్చి పోలిక నీటి చరిత్రలో మళ్లీ దొరకడం కష్టం.

1892లో జర్మనీలోని హాంబుర్గ్ దీనికి మరో మెట్టు చేర్చింది. ఎల్బే నది నీళ్లను వడపోయకుండానే ఇచ్చిన ఆ నగరంలో 8,000 మందికి పైగా కలరాతో చనిపోయారు. ఆనుకునే ఉన్న ఆల్టోనా పట్టణం దిగువన ఉంది. హాంబుర్గ్ మురుగు కలిసిన నీళ్లే తోడుకునేది. అయినా ఇసుక పడకల్లో వడపోసి ఇచ్చేది కాబట్టి చాలావరకు బయటపడింది. సరిహద్దు వీధిలో హాంబుర్గ్ వైపే ఉన్న ఒక నివాస సముదాయానికి ఆల్టోనా నీళ్లు వచ్చేవి, అక్కడ కలరా రాలేదు. అంటే నది ఎంత శుభ్రంగా ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఫిల్టర్ దాటాక నీళ్లెలా ఉన్నాయో చూడాలి. సూక్ష్మజీవ శాస్త్రవేత్త రాబర్ట్ కోహ్ అక్కడే కొలమానం పెట్టారు: వడపోసిన నీళ్లలో మిల్లీలీటరుకు 100 కంటే తక్కువ సూక్ష్మజీవులు ఉండాలి.

ఆ తర్వాత క్లోరిన్ వచ్చింది. అమెరికాలోని జెర్సీ సిటీ 1908లో మొదలుపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1958లో తాగునీటికి అంతర్జాతీయ ప్రమాణాలు ప్రచురించింది. కానీ 1974లో క్లోరిన్ వల్లే కొత్త రసాయనాలు పుడుతున్నాయని తేలింది. వెతకాల్సినవాటి జాబితా అప్పటి నుంచి పెరుగుతూనే ఉంది.

ఇక మిగిలింది ప్లాంటుకూ కుళాయికీ మధ్య ఉన్న పైపు. 2014 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లింట్ నగరం డెట్రాయిట్ నుంచి నీళ్లు తీసుకోవడం మానేసి ఫ్లింట్ నదికి మారింది. నీళ్లు పైపులను తినేయకుండా కాపాడే రసాయనం కలపలేదు. దాంతో పాత సీసపు పైపుల్లోని సీసం ఇళ్లలోకి వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం నమూనాల్లో 10 శాతం కంటే ఎక్కువ వాటిలో సీసం లీటరుకు 15 మైక్రోగ్రాములు దాటితేనే నగరం చర్య తీసుకోవాల్సి వచ్చేది. 2015లో రెండు నమూనాలను లెక్కలోంచి తీసేయడంతో నగరం గీత కిందే ఉండిపోయింది. పైగా పరీక్షకు నమూనా పట్టే ముందు కుళాయి కాసేపు వదిలిపెట్టమని జనానికి చెప్పారు. అలా వదిలితే పైపులో నిలిచిన సీసం చాలావరకు కొట్టుకుపోతుంది, కాగితం మీద నీళ్లు బాగుంటాయి. పిల్లలు తాగే నీళ్ల విషయంలో ఇలా చేయడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 2016లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అలా ముందుగా వదలొద్దని స్పష్టం చేసింది.

ఇప్పుడు చాలామంది చేతిలో ఉండే టీడీఎస్ మీటరుకు ఇవేవీ దొరకవు. అది నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది, అంతే. సీసం, బ్యాక్టీరియా దానికి కనపడవు. టీడీఎస్ తక్కువ ఉన్న నగరం నీళ్లు సురక్షితమని చెప్పలేం.

గీతలు కూడా ఒకచోటే ఉండవు. యూరోపియన్ యూనియన్ 2020లో సీసం పరిమితిని 10 మైక్రోగ్రాముల నుంచి 5కు తగ్గించి, 2036 దాకా గడువిచ్చింది. లీటరుకు 8 మైక్రోగ్రాములున్న నీళ్లు అక్కడ ఇవాళ పాస్, గడువు దాటాక ఫెయిల్.