పన్నెండు టెన్సులు బట్టీ పట్టినా నోరు ఎందుకు పెగలదు: ఇంగ్లీషు క్రియలపై అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో నేను స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతాను. నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి వైపు నుంచి డిగ్రీ పిల్లలు, ఇంటర్వ్యూలకి తయారవుతున్నవాళ్లు వస్తారు. మొదటి రోజు చాలామంది చెప్పేది ఒకటే: "మేడమ్, టెన్సులన్నీ వచ్చు, మాట్లాడబోతే టెన్షన్ వచ్చేస్తోంది." ఇంగ్లీష్ రావాలంటే తెలుగులో ఆలోచించడం మానెయ్యాలని వాళ్లకి ఎవరో చెప్పి ఉంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. కాలాన్ని, అనుమానాన్ని, అనుమతిని విడివిడిగా చెప్పడం మనకి తెలుగులో వచ్చు. ఏ తెలుగు మాటకి ఏ ఇంగ్లీషు రూపం సరిపోతుందో చూసుకోవడమే మిగిలిన పని.

అపోహ: పన్నెండు టెన్సుల పట్టిక వస్తే ఇంగ్లీష్ వచ్చినట్టే.

ఇంగ్లీషు క్రియ తన రూపం మార్చుకునేది రెండు కాలాలకే: వర్తమానం, భూతం. గో, వెంట్. భవిష్యత్తుకి సొంత రూపం లేదు. విల్‌తో చెప్పే భవిష్యత్తునీ లెక్కేసి, మూడు కాలాల్ని సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్ అనే నాలుగు రకాలతో కలిపితే పన్నెండు గడులు వచ్చాయి, అంతే. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల భాషని వాళ్లతోనే మాట్లాడి నేర్చుకున్నారు. దాని వ్యాకరణం ఆ తర్వాతే రాశారు. మన పిల్లలకి మాత్రం పట్టిక ముందు పెడుతున్నాం.

భవిష్యత్తు అంటే విల్ ఒక్కటే అన్నది కూడా ఈ పట్టిక నుంచి వచ్చిన అపోహే. మా ఊరి పైడితల్లి పండగ సిరిమానోత్సవం ఇంకా వారం ఉండగానే "మా పిన్నివాళ్లు వస్తున్నారు" అంటాం. ఇంగ్లీషులోనూ "మై ఆంట్ ఈజ్ కమింగ్" అంటే చాలు. టైమ్ ప్రకారం నడిచే రైలుకి "ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో" అంటారు.

తెలుగు మనల్ని ఇబ్బంది పెట్టే చోటు వేరే ఉంది. "రోజూ బస్సులో వస్తాను", "రేపు బస్సులో వస్తాను". రెండిటికీ మనది ఒకటే రూపం. అందుకే "ఐ విల్ కమ్ బై బస్ డైలీ" అనేస్తాం. రోజూ జరిగేదయితే "ఐ కమ్", రేపటి మాటయితే "ఐ విల్ కమ్".

అపోహ: హావ్ పెట్టే వాక్యాలు తెలుగువాళ్లకి అర్థం కావు.

అన్నం పెట్టనా అని ఎవరైనా అడిగితే మన ఊళ్లలో "తినీసినాను" అంటాం. అంటే కడుపు నిండింది, ఇప్పుడు వద్దు అని. జరిగిపోయిన పని గురించి చెబుతున్నా, దృష్టంతా ఇప్పటి సంగతి మీదే ఉంది. "ఐ హావ్ ఈటెన్" అన్నదాని పని కూడా అదే. ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. తెలుగులో "నిన్ననే తినీసినాను" అనొచ్చు, ఇంగ్లీషులో కుదరదు. నిన్న, పోయిన నెల, 2019లో అని గడిచిపోయిన సమయం చెప్పారంటే హావ్ తీసెయ్యాలి. "ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్డే" తప్పు, "ఐ సా హిమ్ ఎస్టర్డే" ఒప్పు.

ఇంకో చిక్కు "నుంచి" దగ్గర. "మూడేళ్ల నుంచి పనిచేస్తున్నాను" అన్నదాన్ని "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్" అని మారుస్తారు. ఎంతకాలమో చెబితే ఫర్, ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్: "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ త్రీ ఇయర్స్", "సిన్స్ 2022".

అపోహ: "ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్" తెలుగు వల్ల వచ్చే తప్పు.

కానే కాదు. నాకు ఇద్దరు అక్కలు "ఉన్నారు" అంటాం, "ఉంటున్నారు" అనం. "తెలుసు" అంటాం, "తెలుస్తున్నాను" అనం. తెలుగుని నమ్ముకుంటే "ఐ హావ్ టూ సిస్టర్స్", "ఐ నో" అనే వచ్చేది. వర్తమానం అనగానే ఐఎన్‌జీ తగిలించమని నేర్పిన తీరే ఈ తప్పుకి మూలం.

అపోహ: కెన్‌కి భూతకాలం కుడ్, విల్‌కి వుడ్.

ఇది సగమే నిజం. ఇంగ్లీషులో "అండీ" లేదు. ఆ మర్యాదని కుడ్, వుడ్ తెస్తాయి. ఇంటర్వ్యూలో ప్రశ్న వినపడకపోతే "కుడ్ యూ రిపీట్ దట్?" అనండి, "కాస్త మళ్లీ చెప్తారా అండీ" అన్నట్టే. అలాగే, చిన్నప్పుడు ఈత వచ్చేదని చెప్పడానికి "ఐ కుడ్ స్విమ్" సరే. మొన్నటి పరీక్ష పాసవగలిగానని చెప్పాలంటే మాత్రం "ఐ వాజ్ ఏబుల్ టు పాస్" అనాలి.

అపోహ: మస్ట్, హావ్ టు ఒకటే.

రెండిటికీ "చెయ్యాలి" అనే అర్థం చెప్పుకుంటాం. కాదు అన్నప్పుడు మాత్రం దారులు వేరు. తెలుగులో "రాకూడదు" వేరు, "రానక్కర్లేదు" వేరు. మొదటిది "మస్ట్ నాట్ కమ్", రెండోది "డోంట్ హావ్ టు కమ్". మస్ట్‌తో ఊహ కూడా చెబుతారు: "హీ మస్ట్ బీ ఎట్ హోమ్" అంటే ఇంట్లోనే ఉండుంటాడని.

మా దగ్గర నేర్చుకుని విశాఖలో ఓ షాపులో చేరిన అబ్బాయి, సరుకు ఇంటికే పంపిస్తామని చెప్పబోయి ఫోన్‌లో కస్టమర్‌తో "సర్, యూ మస్ట్ నాట్ కమ్ టు ద షాప్" అన్నాడు. ఆయనకి కోపం వచ్చి ఆర్డర్ రద్దు చేసుకున్నారు. ఎక్కడ తప్పు జరిగిందో ఆ అబ్బాయికి అర్థం కాక నాకు ఫోన్ చేశాడు. "నీ మనసులో ఉన్నది రాకూడదనా, రానక్కర్లేదనా?" అని అడిగాను. ఒక్క క్షణం ఆగి, "యూ డోంట్ హావ్ టు కమ్" అని తనే చెప్పాడు.