పెంకు పురుగుల రెక్కలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పైన మెరిసే గట్టి పెంకు ఒంటి తొడుగు, రెక్కలు వేరే.

వాస్తవం: ఆ పెంకులే ముందు రెక్కలు. అక్షింతల పురుగు ఎగరబోయేటప్పుడు ఎర్ర పెంకులు రెండూ పక్కలకు లేస్తాయి, కింద మడిచి ఉన్న పల్చటి వెనక రెక్కలు అప్పుడు విచ్చుకుంటాయి. సుమారు 29 కోట్ల ఏళ్ల నాటి పెర్మియన్ శిలాజాల్లో పెంకుల మీద ఈనెల వల ఇంకా స్పష్టంగా ఉంది. అవి పొట్ట చివర దాటి పొడుచుకొచ్చేవి, ఒంటికి బిగుతుగా అతికేవి కావు.

అపోహ: మామూలు రెక్కను పెంకుగా మార్చే హాక్స్ జన్యువు (ఒంట్లో ఏ భాగం ఎక్కడ ఏ రూపం తీసుకోవాలో నిర్ణయించే జన్యువు) ఒకటి ఉంటుంది.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. పాత గోధుమపిండిలో తిరిగే ఎర్ర పిండి పురుగు (ట్రైబోలియం కాస్టానియం) మీద 2005లో అచ్చయిన పరిశోధన చూడండి. లార్వాకు డబుల్ స్ట్రాండెడ్ ఆర్‌ఎన్‌ఏ (రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ) ఎక్కించి అల్ట్రాబైథొరాక్స్ అనే హాక్స్ జన్యువు పని ఆపితే, వెనక రెక్కల చోట కూడా పెంకులే మొలిచాయి. అంటే హాక్స్ జోక్యం లేకపోతే ఈ పురుగులో రెక్క పెంకవుతుంది. వెనక జతను పల్చగా, ఎగరడానికి పనికొచ్చేలా నిలబెట్టేది అల్ట్రాబైథొరాక్సే. డ్రోసోఫిలా అనే పండ్ల ఈగలో ఇదే జన్యువు వెనక రెక్కను హాల్టర్ అనే చిన్న బొడిపెగా కుదిస్తుంది. పాఠాల్లో ఎప్పుడూ ఈగే కనబడుతుంది, అందుకే ఈ అపోహ. ఇక పెంకు గట్టిపడటం వెనక ఆప్టెరస్ జన్యువు ఉంది. రెక్కను మొలిపించే ఈ పాత జన్యువు చేతికే పైచర్మాన్ని గట్టిపరిచే పనీ వచ్చింది.

అపోహ: వెనక రెక్కను కండరాలు మడుస్తాయి.

వాస్తవం: కండరాలు రెక్క మొదట్లోనే ఉంటాయి, రెక్క లోపల ఉండవు. ముందు పెంకులు మూసుకుంటాయి. తర్వాత పొట్ట పైకీ కిందికీ ఆడుతూ, వీపు మీది సన్నటి ముళ్లతో రెక్కను లోపలికి లాగుతుంది. విచ్చుకోవడానికి బలం వంపు తిరిగిన ఈనెలది, ఇనుప కొలతటేపు విదిలిస్తే నిటారవుతుందే, అలా. సేకరణ కోసం దాచిన ఎండు పురుగులో రెక్కను చిమటాతో లాగితే మడత దగ్గరే చిరుగుతుంది. తడి టిష్యూ వేసిన మూత డబ్బాలో ఒకటి రెండు రోజులు నాననిచ్చి విప్పాలి. పురుగును నిలబెట్టే సూది కుడి పెంకులోనే, మొదలుకు దగ్గరగా గుచ్చాలి. నడిమి అతుకులో గుచ్చితే పెంకులు రెండూ విడిపోతాయి.

అపోహ: పెంకులు ఎత్తకుండా ఎగరలేవు.

వాస్తవం: సీటోనియా వర్గపు పూల పురుగులు పెంకులు ఎత్తకుండానే ఎగురుతాయి. పెంకు అంచున ఉన్న నొక్కులోంచి వెనక రెక్కలు బయటికొస్తాయి.

అపోహ: రెక్కలున్న జాతి కాబట్టి అన్నీ ఎగురుతాయి.

వాస్తవం: కాలిఫోర్నియాలోని ఫ్లియోడెస్ డయాబాలికస్ అనే పెంకు పురుగుకు పెంకులు రెండూ కలిసిపోయాయి. ఒంటి బరువుకు 39 వేల రెట్లు భారాన్ని తట్టుకుంటుంది, ఎగరడం మాత్రం లేదు. ధాన్యపు పురుగుల్లోనూ ఈ తేడా ఉంది. చల్లటి దేశాల గోదాముల్లోని సైటోఫిలస్ గ్రానేరియస్ ఎగరలేదు. మన బియ్యంలోని ముక్కు పురుగు సైటోఫిలస్ ఒరైజే ఎగురుతుంది. దాని పెంకుల మీద నాలుగు లేత ఎరుపు మచ్చలు కనిపిస్తే, పురుగు పట్టిన బస్తా ఒక్కటే తీసేస్తే చాలదు, పక్క బస్తాలూ విప్పి చూడాలి.