పెన్సిల్లో దాక్కున్న ‘ది’

చినవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవులు బంటికీ, చిట్టికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు రైలెక్కాక, ఆదివారం బీచ్ రోడ్డు షికారు మీద మీరు రాసిపెట్టిన ఇంగ్లీషు వ్యాసాలు తీరిగ్గా చదివాను. బాగున్నాయర్రా. చిట్టితల్లి రాసిన ఒక్క వాక్యం దగ్గర మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

‘ది లెంగ్త్ ఆఫ్ ది సబ్‌మెరీన్ ఈజ్ గ్రేటర్ దేన్ ది ఎయిర్‌క్రాఫ్ట్.’

లెక్క సరైనదే. మనం చూసిన కుర్సురా సబ్‌మెరీన్ సుమారు 91 మీటర్లు, రోడ్డుకు అవతలున్న టీయూ-142 విమానం 53 మీటర్లు. కానీ ‘దేన్’కి ఇటుపక్క పొడవు, అటుపక్క ఏకంగా విమానం! పొడవుని పొడవుతో కదా తూచాలి?

‘నా పెన్సిలు నీదాని కన్నా పొడుగు’ అని మీరిద్దరూ రోజూ కొట్టుకుంటారు చూడు. అదే ‘నీకన్నా పొడుగు’ అంటే? పెన్సిలు బంటిగాడి నెత్తి దాటిపోతుంది. ‘నాది, నీది’లో ఉన్న ఆ ‘ది’ పెన్సిలు అన్న మాటకు బదులు నిలబడింది. ఇంగ్లీషులో ఆ పని చేసేది ‘దట్ ఆఫ్’. కాబట్టి ‘...గ్రేటర్ దేన్ దట్ ఆఫ్ ది ఎయిర్‌క్రాఫ్ట్’. ఒకటి కన్నా ఎక్కువుంటే మన ‘నావి, నీవి’లాగా ‘దోజ్ ఆఫ్’ వస్తుంది: ‘ది బీచెస్ ఆఫ్ వైజాగ్ ఆర్ క్లీనర్ దేన్ దోజ్ ఆఫ్...’ ఏ ఊరో మీరే నింపుకోండి. మీ అమ్మమ్మ పుట్టిల్లు కాకినాడ, నేను రాయను.

నన్నడిగితే ఈ తంటా లేకుండా ‘ది సబ్‌మెరీన్ ఈజ్ లాంగర్ దేన్ ది ఎయిర్‌క్రాఫ్ట్’ అనడమే హాయి. వస్తువుకి వస్తువు, సరిపోయింది.

బంటీ, నీది ఇంకో తమాషా. ‘వైజాగ్ ఈజ్ బిగ్గర్ దేన్ ఎనీ సిటీ ఇన్ ఆంధ్రప్రదేశ్’ అన్నావు. వైజాగూ ఆంధ్రప్రదేశ్‌లోదే కదరా, అంటే తనకన్నా తానే పెద్దదా? ‘ఎనీ అదర్ సిటీ’ అను. ‘మిగతా ఊళ్లన్నిటికన్నా’ అంటామే, ఆ ‘మిగతా’యే ఈ ‘అదర్’.

కైలాసగిరి కొండ గురించి రాసినచోట ‘క్లైంబింగ్’ అని మొదలెట్టి ‘దేన్ టు గో బై రోప్‌వే’ అని ముగించావు. ‘ఎక్కడం కన్నా వెళ్లడం’ అన్నట్టు రెండోదీ ‘గోయింగ్’ కావాలి.

సబ్‌మెరీన్ గుమ్మం తగిలి లేచిన బొప్పి ఎలా ఉందిరా? అమ్మమ్మ రోజూ అడుగుతోంది, జవాబు రాయి.

మీ తాతయ్య