పొలాల మధ్య ఊరే, అయినా పల్లె లోన్ రాదు

విలేజ్ ఫామ్స్ పేరుతో సుమారు 1,800 ఇళ్లు కడతామన్న ప్రతిపాదనతో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఇళ్ల గొడవ మళ్లీ రాజుకుంది. పాత ప్రశ్నా పైకొచ్చింది. చుట్టూ టమాటా పొలాలు, ఊళ్లో వ్యవసాయ చదువులకు పేరుమోసిన యూనివర్సిటీ. అయినా అమెరికా వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ, గ్యారంటీ ఇచ్చే గ్రామీణ గృహరుణం ఇక్కడ ఎందుకు రాదు?

ఆ లోన్ మీద అంత ఆశ ఎందుకంటే, డౌన్ పేమెంట్ అక్కర్లేదు. ఇంటి ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 115 శాతం దాటకూడదు, కొన్న ఇంట్లో మనమే ఉండాలి. అయితే ఆదాయం, క్రెడిట్ స్కోరు ఎంత బాగున్నా, శాఖ వెబ్‌సైట్‌లో అడ్రసు కొట్టినప్పుడు అది అర్హత లేదని రంగు పూసిన భాగంలో పడితే కథ అక్కడితో సరి.

ఈ క్యాంపస్ మొదట యూనివర్సిటీ ఫామ్‌గా ఉన్న రోజుల కథ ఊరందరికీ కంఠతా వచ్చు. అసలు మలుపు 1959. అంతవరకు కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌కు తోకలా ఉన్న ఈ క్యాంపస్‌ను ఆ ఏడాది అన్ని కోర్సులూ నడిపే పూర్తిస్థాయి క్యాంపస్ చేశారు. 1960లో ఊరి జనాభా 8,910, 1970కి 23,488. గ్రామీణ గృహరుణాలు ఇచ్చే ఊళ్ల జనాభా పరిమితిని 10,000కు పెంచింది కూడా 1970లోనే. గేటు తెరిచే వేళకు డేవిస్ దాన్ని దాటి చాలా దూరం వెళ్లిపోయింది. ఈ క్యాంపస్‌లో రూపుదిద్దుకున్న టమాటా కోసే యంత్రం పొలాల్లోకి వచ్చిందీ, ఊరు పల్లెల లెక్కలోంచి జారిపోయిందీ ఒకే దశాబ్దంలో.

ఆ వేగం చూసి బెదిరిన ఊరే 2000లో మెజర్ జె అనే స్థానిక చట్టం తెచ్చుకుంది. పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చాలంటే ఓటర్లు ఒప్పుకోవాలి. 2010లో, 2020లో దాన్ని పొడిగించారు. 2005లో కోవెల్ విలేజ్ అనే ఇళ్ల ప్రాజెక్టును ఓడించారు. విలేజ్ ఫామ్స్ అడుగుతున్నదీ ఆ వైపు నేలనే. 2022 దాకా ఓటింగ్‌లో గట్టెక్కిన ప్రాజెక్టులు రెండే, రెండూ 2018లో: ఒకటి విద్యార్థులకు, మరొకటి పెద్ద వయసువాళ్లకు. పిల్లలున్న కుటుంబాలకంటూ ఒక్కటీ లేదు.

సారవంతమైన నేల పోతే తిరిగి రాదని, ట్రాఫిక్ పెరుగుతుందని వ్యతిరేకుల వాదన. మద్దతుదారులు స్కూళ్ల వైపు చూపిస్తున్నారు: పిల్లల సంఖ్య తగ్గుతోంది, పాఠాలు చెప్పే టీచర్లే ఊళ్లో ఇల్లు కొనలేక పక్క ఊళ్లయిన వుడ్‌ల్యాండ్, డిక్సన్ నుంచి వచ్చిపోతున్నారు. పడమటి వైపున్న వింటర్స్ అనే ఊరి జనాభా ఏడు వేల చిల్లర, 10,000 పరిమితికి లోపే. డేవిస్‌లో ఉద్యోగం చేసుకుంటూ సొంతింటి కోసం అక్కడ వెతుక్కోవడం వాళ్లకు సరదా కాదు. 2010 నుంచి 2020 మధ్య డేవిస్ జనాభా పెరిగింది 1,228 మాత్రమే, 65,622 నుంచి 66,850కి.

విలేజ్ ఫామ్స్‌కు ఓటర్లు సరేనన్నా ఈ లోన్ విషయంలో ఒరిగేదేమీ లేదు. ఆ నేల నగరంలో కలుస్తుంది కాబట్టి అక్కడి ఇళ్లకూ యూఎస్‌డీఏ దారి మూతే. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు కనీసం 3.5 శాతం డౌన్ పేమెంట్ కట్టాల్సిన ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ గృహనిర్మాణ సంస్థ) బీమా ఉన్న లోన్ లాంటివే చూసుకోవాలి.