రోజుకు వంద గ్రాములు

ఒక పట్టణానికి నీరిచ్చే బోరుబావి సెకనుకు 60 లీటర్లు తోడుతోందనుకుందాం. ఆగకుండా నడిస్తే రోజుకు దాదాపు 52 లక్షల లీటర్లు. ఆ నీటిలో ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావణి లీటరుకు 20 మైక్రోగ్రాముల చొప్పున ఉన్నట్టు తేలింది. లోహపు భాగాలకు అంటిన గ్రీజు వదిలించడానికి కర్మాగారాలు దశాబ్దాల పాటు వాడిన ద్రవం ఇది, క్యాన్సర్ కారకం కూడా. అమెరికాలో తాగునీటికి దీని పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. లెక్క వేస్తే బావిలోంచి రోజుకు వచ్చే ద్రావణి మొత్తం వంద గ్రాముల పైచిలుకు. ఒక చిన్న గ్లాసులో సగానికి మించదు.

అదే నీటిలో బైకార్బనేట్ (తినే సోడాలో ఉండేదే) లీటరుకు 250 మిల్లీగ్రాములు ఉందనుకోండి. భూగర్భ జలంలో అది మామూలే, ఎవరికీ హాని చేయదు. రోజు లెక్కన అది దాదాపు 1,300 కిలోలు.

శుద్ధి కేంద్రాన్ని డిజైన్ చేయడమంటే ఆ వంద గ్రాముల వెంట పడటమే అనిపిస్తుంది. నన్నడిగితే ఇంజనీరు తలనొప్పుల్లో సగానికి పైగా ఏ పాపమూ ఎరగని ఆ పదమూడు వందల కిలోల వల్ల వచ్చేవే.

యంత్రాల సంగతి తర్వాత, ముందు బావి సంగతి తేలాలి. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వోబర్న్ పట్టణం 1960లలో రెండు బావులు తవ్వుకుంది. పత్రాల్లో వాటి పేర్లు జి, హెచ్. నీటి రుచీ వాసనా బాగోలేవని జనం ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 1979లో దగ్గర్లోని ఖాళీ స్థలంలో పారేసిన రసాయన పీపాలు కనబడ్డాక ఆ నీటిలో ద్రావణుల కోసం పరీక్షలు జరిగాయి, వెంటనే రెండు బావులూ మూతపడ్డాయి. ప్రయోగశాల మనం అడిగిన పదార్థాన్నే కొలుస్తుంది. అడగని దాని గురించి నోరు విప్పదు.

నమూనా ఎప్పుడు పట్టామన్నదీ ముఖ్యమే. పంపు వేయగానే నింపిన సీసాకూ, కొన్ని గంటలు తోడాక నింపిన సీసాకూ ఫలితాల్లో చాలా తేడా రావచ్చు. లోతైన బావి తరచుగా ఒకటికి మించిన నీటి పొరల్లోంచి తోడుతుంది. పంపు ఆగి ఉన్నప్పుడు ఆ బావే పొరల మధ్య గొట్టంలా మారి, పైపొర మురికిని కింది పొరకు దించుతుంది. అందుకే ఏ లోతులో ఎంత నీరు వస్తోంది, అందులో ఏముంది అని విడివిడిగా కొలుస్తారు. కాలుష్యమంతా ఒక్క పైపొరలోంచే వస్తోందని తేలితే, అంతమేరకు సిమెంటుతో మూసేసి గట్టెక్కవచ్చు. దిగుబడి కాస్త తగ్గినా శుద్ధి కేంద్రం ఖర్చే తప్పిపోతుంది. శుభ్రమైన మరో బావి నీటితో కలిపి పరిమితికి లోపల ఉంచడం ఇంకో దారి. ఆ రెండో బావి పంపు చెడిపోయిన రోజు ఏం చేస్తారో మాత్రం ముందే రాసిపెట్టుకోవాలి.

చెడిన బావిని మూసేస్తే పోలేదా? నడుస్తున్న బావి చుట్టుపక్కల నీటిని తనవైపు లాక్కుంటుంది, కాలుష్యపు పాయ కూడా ఆ లాగుడుకే వస్తోంది. పంపు ఆపితే ఆ పాయ నేల కింది సహజ ప్రవాహం వెంట సాగి తర్వాతి బావిని చేరవచ్చు. కాబట్టి కొన్నిచోట్ల చెడిన బావినే కాపలాగా పెట్టి తోడుతూనే ఉంటారు. ఇక ఈనాటి 20 మైక్రోగ్రాములనే ఆధారం చేసుకుని కేంద్రం కట్టడం తొందరపాటు. పాయ నడిబొడ్డు ఇంకా దారిలోనే ఉండవచ్చు.

ట్రైక్లోరోఇథిలీన్‌కు నీటి మీద పెద్ద మమకారం లేదు, గాలి తగిలితే ఎగిరిపోతుంది. ఎత్తయిన స్తంభంలో ప్లాస్టిక్ ముక్కలు నింపి, పైనుంచి నీటిని జారవిడుస్తూ కింది నుంచి గాలిని ఎగదోస్తారు. నీటి పరిమాణానికి గాలి పరిమాణం ఇరవై ముప్పై రెట్లు ఉంటుంది. పద్ధతి చవక, సరళం. బైకార్బనేట్ రంగంలోకి దిగేది ఇక్కడే. ద్రావణితో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా నీటిని వదిలిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది, నీటిలో కాల్షియం బాగా ఉంటే అది బైకార్బనేట్‌తో కలిసి ప్లాస్టిక్ ముక్కల మీద సున్నపు పెచ్చు కడుతుంది. వంద గ్రాములను తరమడానికి కట్టిన స్తంభం సున్నంతో పూడుకుపోతుంది. దాన్ని ఆమ్లంతో కడగాలి, లేదా పెచ్చు కట్టనివ్వని రసాయనాన్ని ముందే కలపాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. అంతకుముందు బావిలోని పంపు ఒక్కటే నీటిని నేరుగా ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించేది. స్తంభంలో నీరు గాలికి తెరుచుకోగానే ఆ పీడనం పోతుంది, రెండో పంపు తప్పదు. ఎగిరిపోయిన ద్రావణి ఎక్కడికి వెళ్లినట్టు? ఆ గాలిని పట్టి యాక్టివేటెడ్ కార్బన్ (సన్నని రంధ్రాలు నిండిన బొగ్గు) గుండా పంపకపోతే చుట్టుపక్కల వాళ్లు పీల్చే గాలిలోకే.

అలాంటప్పుడు నీటినే నేరుగా యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపవచ్చు. కార్బన్ నిండిన ట్యాంకులో నీరు సుమారు పది నిమిషాలు ఉండాలనుకుంటే మన బావికి 36 ఘనపు మీటర్ల కార్బన్ కావాలి, అంటే దాదాపు 18 టన్నులు. రోజుకు వంద గ్రాముల కోసం! పైగా ఆకులూ మట్టీ కుళ్లి నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం ముందుగా వచ్చి ఆ కార్బన్ రంధ్రాల్లో చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి సాధారణంగా రెండు ట్యాంకులను వరుసగా పెడతారు. మొదటిది నిండిపోతే రెండోది కాస్తుంది. మొదటి దానిలో కొత్త కార్బన్ నింపి, వరుస తిప్పేస్తారు. డ్రాయింగు మొత్తంలో నాకు బాగా నచ్చే వస్తువు ఈ రెండింటి మధ్య ఉండే చిన్న కుళాయి. మొదటి ట్యాంకు చేతులెత్తేసిందన్న కబురు జనం ఇళ్లకు చేరకముందే అక్కడి నమూనాలో తెలుస్తుంది.

ఎరువుల్లోంచి భూగర్భ జలంలోకి దిగే నైట్రేట్‌ది వేరే తీరు. అది గాలికి ఎగరదు, కార్బన్‌కు అంటదు. విద్యుదావేశం ఉన్న అయాన్ గనుక రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థపు పూసలు క్లోరైడ్‌ను వదిలి దాన్ని పట్టుకుంటాయి. మామూలు రెసిన్‌కు మాత్రం నైట్రేట్ కన్నా సల్ఫేట్ మీద మక్కువ ఎక్కువ. పూసలు నిండాక కూడా నీరు పంపుతూ పోతే, సల్ఫేట్ వచ్చి అంతవరకు పట్టి ఉంచిన నైట్రేట్‌ను తోసేస్తుంది. అప్పుడు బావిలో ఉన్నదాని కన్నా ఎక్కువ నైట్రేట్ శుద్ధి చేసిన నీటిలో వస్తుంది. నైట్రేట్‌కు ప్రాధాన్యమిచ్చే రెసిన్లు ఉన్నాయి గానీ, అవి ఉప్పునీటి గొడవ తీర్చవు. పూసలను ఉప్పునీటితో కడిగాక మిగిలేది నైట్రేట్ నిండిన ఉప్పు ద్రావణం. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో దాన్ని వదిలించుకోవడమే అసలు ఖర్చు.

అన్నిటికన్నా మొండిది డయాక్సేన్. కొన్ని ద్రావణులు చెడకుండా కలిపిన ఈ పదార్థం నీటిలో పూర్తిగా కలిసిపోతుంది, అందుకే స్తంభాన్నీ కార్బన్‌నూ చాలావరకు దాటిపోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి అతినీలలోహిత కాంతి పడేలా చేస్తే పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన కణాలు దాన్ని విడగొడతాయి. అక్కడా నైట్రేట్ కాంతిని మింగుతుంది, బైకార్బనేట్ రాడికల్స్‌ను మింగుతుంది. కరెంటు బిల్లును నిర్ణయించడంలో డయాక్సేన్‌తో పాటు వీటికీ పెద్ద వాటా ఉంటుంది.

నాన్‌స్టిక్ పూతలు, మంటలార్పే నురుగులతో ముడిపడిన ఫ్లోరిన్ సమ్మేళనాలది తాజా కథ. వాటిలో రెండింటికి అమెరికా 2024లో పెట్టిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు. మన బావి లెక్కన అది రోజంతటికీ 20 మిల్లీగ్రాముల చిల్లర. ఇవి గాలికి ఎగరవు కాబట్టి స్తంభం మాత్రమే ఉన్న కేంద్రాలకు కొత్తగా మరో ఏర్పాటు తప్పదు. కార్బన్ ట్యాంకులు ఉన్నచోట పని కొంత తేలిక, అయినా కార్బన్‌ను త్వరత్వరగా మార్చాల్సి రావచ్చు. అందుకే ముందుచూపున్న డిజైనరు ప్రహరీ లోపల మరో రెండు ట్యాంకులు పట్టే చోటు వదిలిపెట్టి, పైపు కొసను మూత బిగించి ఉంచుతాడు.