మీల్ మేకర్, సోయా క్యాప్సూల్స్, గుండె: ఓపీలో నేను రోజూ వినే అపోహలు - వాస్తవాలు

నేను డైటీషియన్ని, కార్డియాలజీ ఓపీ పక్కనే కూర్చుంటా. పోయిన నెల అరవైకి దగ్గర్లో ఉన్న ఒకావిడ బ్యాగ్‌లోంచి సోయా ఐసోఫ్లేవోన్ (సోయాలో సహజంగా ఉండే ఒక రకం పదార్థాలు) క్యాప్సూల్స్ డబ్బా తీసి టేబుల్ మీద పెట్టారు, "అమ్మాయి అమెరికా నుంచి పంపిందమ్మా, ఇవి వేసుకుంటే కొలెస్ట్రాల్ మాత్ర అక్కర్లేదంట కదా" అని. మెల్లగా అడిగితే తేలిందేంటంటే స్టాటిన్, అంటే ఆ కొలెస్ట్రాల్ మాత్ర, ఆపేసి అప్పటికే రెండు నెలలు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 90 నుంచి 150కి పోయింది.

అపోహ: ఐసోఫ్లేవోన్లు కొలెస్ట్రాల్ మాత్రకి బదులు పనిచేస్తాయి.

వాస్తవం: ఈ మాట ఊరికే పుట్టలేదులెండి. 1995లో అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ కలిపి లెక్కేస్తే సోయా ప్రొటీన్ తిన్నవాళ్లకి ఎల్‌డీఎల్ దాదాపు 13 శాతం తగ్గినట్టు వచ్చింది, 1999లో అమెరికాలో ఆహారం, మందులు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా రోజుకి 25 గ్రాముల సోయా ప్రొటీన్ గుండెకి మంచిదని ప్యాకెట్ల మీద రాసుకోనిచ్చింది. తీరా 2006లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్లు 22 ట్రయల్స్ తిరగేస్తే మిగిలింది 3 శాతం, అది కూడా ప్రొటీన్‌తో, విడిగా ఐసోఫ్లేవోన్లు ఇచ్చిన ట్రయల్స్‌లో అయితే ఎల్‌డీఎల్ కదల్లేదు. 2017లో ఎఫ్‌డీఏనే ఆ క్లెయిమ్ వెనక్కి తీసుకుందామని ప్రతిపాదన పెట్టింది. స్టాటిన్ మామూలు డోసులోనే 30 శాతం పైన తగ్గిస్తుంది, ఇంక పోలికెక్కడ?

మరి సోయా దండగేనా అంటే కాదు. ప్లేట్‌లో మటన్ బదులు సోయా వస్తే ఆ కొవ్వు పోయి పీచు, మంచి నూనె వస్తాయి, లాభం ఎక్కువగా అక్కడుంది. ఎండు మీల్ మేకర్ 100 గ్రాముల్లో 50 గ్రాముల పైనే ప్రొటీన్ ఉంటుంది. కానీ వండేది ఎలా? వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి, నూనెలో ఎర్రగా వేయించి, మళ్లీ మసాలాలో వేస్తారు, అది స్పాంజిలాగా నూనె, ఉప్పు రెండూ పీల్చుకుంటుంది, ఇంక గుండెకి మంచిదని ఎలా అంటాం చెప్పండి! పిండేశాక నేరుగా గ్రేవీలో వేసి మగ్గనివ్వండి, రుచేం తగ్గదు.

అపోహ: సోయా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) తీసేస్తుంది.

వాస్తవం: ల్యాబ్‌లో కణాల మీద జెనిస్టీన్ అనే ఐసోఫ్లేవోన్ వేస్తే నిజంగానే వాపు సిగ్నల్స్ తగ్గుతాయి, దాని ఆకారం ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి రక్తనాళం లోపలి పొర మీదా పనిచేస్తుంది. మనుషుల్లో సీఆర్‌పీ (రక్తంలో వాపుని చూపించే పరీక్ష) చూస్తే మాత్రం సగటున పెద్ద తేడా కనపడట్లేదు. ఒక కారణం మన పేగులే అయ్యుండొచ్చు. డైడ్జీన్ అనే ఇంకో ఐసోఫ్లేవోన్‌ని ఒంట్లో ఇంకా బాగా పనిచేసే ఈక్వాల్‌గా మార్చే బ్యాక్టీరియా అందరికీ ఉండవు, జపాన్‌లో సుమారు సగం మందికి ఉంటే పాశ్చాత్య దేశాల్లో పాతిక ముప్పై శాతం మందికే, అంటే ఒకే క్యాప్సూల్ మీకూ పక్కింటావిడకీ ఒకేలా పనిచేయాలని లేదు. అమెరికాలో మెనోపాజ్ దాటిన 350 మంది ఆడవాళ్లకి 2.7 ఏళ్లు ఐసోఫ్లేవోన్లున్న సోయా ప్రొటీన్ ఇచ్చి మెడ రక్తనాళం గోడ మందం (పెరిగితే నాళం జబ్బుకి గుర్తు) కొలిస్తే, 2011లో వచ్చిన ఫలితం మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదనే, మెనోపాజ్ వచ్చి ఐదేళ్లు దాటనివాళ్లలో మాత్రం కాస్త ఆశ కనపడింది.

అపోహ: సోయా నూనె వాడుతున్నాం కదా, ఐసోఫ్లేవోన్లు వస్తున్నట్టే.

వాస్తవం: రావు. నూనెలో అవి దాదాపు సున్నా.

అపోహ: మగవాళ్లు తింటే ఆడలక్షణాలొస్తాయి.

వాస్తవం: టెస్టోస్టెరాన్ తగ్గదని ట్రయల్స్ కలిపి చూసినవాళ్లు తేల్చేశారు. రొమ్ములు పెరిగాయని అందరూ చెప్పుకునే ఆ ఒక్క కేసు రోజుకి దాదాపు మూడు లీటర్ల సోయా పాలు తాగిన మనిషిది!

ఇంకో మాట, థైరాయిడ్ మాత్ర సోయా పాలతో వేసుకోకండి, మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదు, మధ్యలో నాలుగు గంటలు గ్యాప్ ఇవ్వండి. గుండె వాల్వ్ మార్చుకుని వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) వాడేవాళ్లు సోయా కొత్తగా మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చెప్పండి.

ఆవిడకి డాక్టర్‌గారు స్టాటిన్ మళ్లీ మొదలుపెట్టారు. నేనేమో ఆదివారం మటన్ బదులు మీల్ మేకర్ వండమన్నా. "మా ఆయన ఊరుకోరమ్మా" అన్నారు. బేరమాడి నెలలో రెండు ఆదివారాలకి ఒప్పించా.