విటమిన్ ఇ క్యాన్సర్‌ను ఆపుతుందా? ఏ ఇ, ఎంత, ఏ రూపంలో?

అపోహ: యాంటీఆక్సిడెంటే కదా, రోజూ ఒక మాత్ర వేసుకుంటే క్యాన్సర్ దరిచేరదు.

వాస్తవం: ఈ ఆశ ఊరికే పుట్టలేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందితో ఏటీబీసీ అనే వైద్య పరీక్ష జరిగింది. రోజుకు 50 మిల్లీగ్రాముల ఆల్ఫా టోకోఫెరాల్ (ఇలో ఒక రకం) వేసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ దాదాపు మూడో వంతు తగ్గింది. అసలు పరీక్ష పెట్టింది ఊపిరితిత్తుల క్యాన్సర్ కోసం, అది మాత్రం తగ్గలేదు. ప్రోస్టేట్ సంగతి తేల్చడానికి అమెరికా, కెనడా, ప్యూర్టోరికోల్లో 35,533 మందితో సెలెక్ట్ అనే ఇంకో పరీక్ష మొదలుపెట్టారు. మోతాదు రోజుకు 400 ఐయూ (విటమిన్లు కొలిచే అంతర్జాతీయ యూనిట్లు), అంటే ఫిన్లాండ్ మోతాదుకు ఎనిమిది రెట్లు. 2008లో మాత్రలు ఆపించారు. 2011లో లెక్క చూస్తే, తగ్గడం దేవుడెరుగు, ఇ వేసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ.

అపోహ: ల్యాబ్‌లో క్యాన్సర్ కణాల్ని చంపిన ఇ, మందుల షాపులో దొరికే ఇ ఒకటే.

వాస్తవం: అసలు గందరగోళమంతా ఇక్కడే. ప్రకృతిలో ఇ అంటే ఎనిమిది పదార్థాలు: నాలుగు టోకోఫెరాల్‌లు, నాలుగు టోకోట్రయీనాల్‌లు. షాపు క్యాప్సూల్‌లో సాధారణంగా ఉండేది ఆల్ఫా టోకోఫెరిల్ అసిటేట్. ల్యాబ్‌లో పేరు తెచ్చుకున్నవి ఆల్ఫా టోకోఫెరిల్ సక్సినేట్, గామా, డెల్టా టోకోట్రయీనాల్‌లు.

సక్సినేట్ అణువు విడిపోకుండా ఉంటేనే కణాన్ని చంపుతుంది, దానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీసి. నోటితో మింగితే పేగుల్లోని ఎస్టరేజ్ ఎంజైమ్‌లు దాన్ని కోసేస్తాయి, మిగిలేది మామూలు ఆల్ఫా టోకోఫెరాలే. అందుకే ఎలుకలకు ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఎంజైమ్‌లు కోయలేని ఈథర్ బంధంతో ఆల్ఫా టీఈఏ అనే మార్చిన రూపాన్ని తయారుచేసిందీ అందుకే.

టోకోట్రయీనాల్‌లది ఇంకో తంటా. కాలేయంలోని రవాణా ప్రోటీన్ ఆల్ఫా టోకోఫెరాల్‌ను ఏరుకుని రక్తంలోకి పంపుతుంది, వీటిని పెద్దగా పట్టించుకోదు. కొన్ని గంటల్లోనే రక్తంలో సగానికి పడిపోతాయి. ఫ్లోరిడాలోని మాఫిట్ క్యాన్సర్ సెంటర్‌లో క్లోమం ఆపరేషన్‌కు ముందు 25 మందికి డెల్టా టోకోట్రయీనాల్‌ను రోజుకు 200 నుంచి 3,200 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూశారు. కొన్ని మోతాదుల్లో కోసి తీసిన కణితిలో కణాల చావు పెరిగింది. రోగి ఆయుష్షు పెరుగుతుందా అన్నది ఆ పరీక్ష కొలిచిన విషయం కాదు.

అపోహ: తవుడు నూనెతో వండుకుంటే చాలు.

వాస్తవం: తవుడు నూనెలో టోకోట్రయీనాల్‌లు ఉన్న మాట నిజమే, కానీ వంద గ్రాములకు పదుల మిల్లీగ్రాములే. పై పరీక్షలో ఇచ్చిన మోతాదు నూనెతో అందుకోవాలంటే సీసాలు తాగాలి! జాఫ్రా గింజల్లో డెల్టా రకం ఉంటుంది గానీ, కూరలో రంగు కోసం వేసేది మందుకు సరిపడే మోతాదు కాదు.

అపోహ: కీమో, రేడియేషన్ నడుస్తుంటే బలానికి ఇ వేసుకోవచ్చు.

వాస్తవం: రేడియేషన్ కణాల్ని చంపేది చాలావరకు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులతో, యాంటీఆక్సిడెంట్ చేసే పని వాటిని అణచడమే. కెనడాలోని క్యూబెక్‌లో తల, మెడ క్యాన్సర్ రోగులు 540 మందిలో దాదాపు సగం మందికి రేడియేషన్‌తో పాటు, ఆ తర్వాత కూడా 400 ఐయూ ఇచ్చి చూస్తే, మాత్ర వాడినంతకాలం కొత్తగా రెండో క్యాన్సర్ వచ్చినవాళ్లు ఎక్కువయ్యారు. పెద్ద మోతాదులో ఇ రక్తం గడ్డకట్టడాన్నీ తగ్గిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడేవాళ్లకు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవాళ్లకు ఇది ప్రమాదం. మందుల చీటీలో లేని క్యాప్సూల్ అయినా సరే, ఆంకాలజిస్టుకూ (క్యాన్సర్ డాక్టరు) మత్తు డాక్టరుకూ దాని స్ట్రిప్పే చూపించండి. పేరు ఒక్కటే చెబితే రకం, మోతాదు తెలియవు.